ఫతహ్ తర్వాత హిసాబ్

జపాన్ భాషలో 'షోనెన్' అంటే కుర్రాడు. కుర్రాళ్ల కోసం అచ్చయ్యే బొమ్మల కథల్ని షోనెన్ మాంగా అంటారు. వాటిలోంచి తయారైన యానిమే ఇప్పుడు మా మండపేట కుర్రాళ్ల ఫోన్లలోకీ వచ్చేసింది. 2025 సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగు డబ్బింగ్‌తోనే థియేటర్లలో ఆడింది. రైస్ మిల్లుల ఊళ్లో పెరిగే పిల్లలు టాంజిరో, జెనిట్సు అని తడబడకుండా చెబుతున్నారు. పెద్దవాళ్లకు మాత్రం అవన్నీ 'కొట్లాట బొమ్మలు'.

నేనలా అనుకోను. ఈ కథలకో తారీఖ్ ఉంది, ఓ రివాజ్ ఉంది. ఆ రివాజ్‌ని లోపలినుంచే తిరగేసిన కథ కూడా ఉంది. దాని పేరు 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్'. మన జబాన్‌లో చెప్పాలంటే ఫౌలాదీ కీమియాగర్. మా ఆపా కొడుకు అది చూస్తూ చూస్తూ ఓ రోజు నన్నో సవాల్ అడిగాడు: "మామూ, ఈ స్కార్ మనోడా?" వాడికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. కాస్త వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి.

దోస్తీ, మెహనత్, ఫతహ్

1968లో షూఎయిషా అనే ప్రచురణ సంస్థ 'షోనెన్ జంప్' పత్రికను మొదలుపెట్టింది. పిల్లల మనసుకు దగ్గరైనవిగా ఆ పత్రిక మూడు మాటల్ని జెండాలా పట్టుకుంది. స్నేహం, ప్రయత్నం, విజయం. మనకైతే దోస్తీ, మెహనత్, ఫతహ్. ఈ మూడింటి మీదే దాని బిజినెస్ అంతా నిలబడింది. 1994 చివరికొచ్చేసరికి ఒక్క సంచిక 65 లక్షల కాపీలు దాటింది.

ఆ నమూనాకు అందరికీ తెలిసిన మిసాల్ అకిరా తొరియామా 'డ్రాగన్ బాల్' (1984–95). ఓ అమాయకపు కుర్రాడు, ఓ ఉస్తాద్, కఠినమైన రియాజ్, ఆ తర్వాత ముకాబ్‌లా. గెలిస్తే ఇంకో పెద్ద దుష్మన్ వస్తాడు. ఓడిపోయిన దుష్మన్ చాలాసార్లు దోస్త్ అయిపోతాడు. పికోలో అలాగే మారాడు, వెజిటా అలాగే మారాడు. నిన్న ఎవరెవర్ని చంపాడన్న లెక్క దెబ్బలాటతో చెల్లిపోతుంది.

ఇది జపాన్‌లోనే పుట్టిన తరీకా కాదు. మన 'దాస్తానె అమీర్ హంజా'లో ఉన్నదీ ఇదే. రజ్మ్, బజ్మ్, తిలిస్మ్, అయ్యారీ అనే నాలుగు స్తంభాల మీద దాస్తాన్‌గోలు శతాబ్దాలపాటు కథ నడిపారు. అంటే యుద్ధం, మజ్లిస్, మాయ, టక్కరితనం. అక్బర్ బాద్‌షా ఈ దాస్తాన్‌కు 1400 బొమ్మలు వేయించాడు. అవి పెద్ద పెద్ద గుడ్డ మీద వేసిన తస్వీర్లు. ముందువైపు బొమ్మ, వెనకవైపు కథ. ఆ లెక్కన మాంగాకు దూరపు చుట్టం మన దర్బార్లోనే ఉంది. లక్నోలోని నవల్ కిశోర్ ప్రెస్ ఇదే దాస్తాన్‌ని ఉర్దూలో 46 సంపుటాలుగా అచ్చువేసింది.

అందులో హంజాకు ఎదురునిలిచిన హిందూస్తాన్ పహిల్వాన్ లంధౌర్ ఉంటాడు. హంజా చేతిలో ఓడతాడు, ఓడగానే ఆయనకు జిగ్రీ దోస్త్ అయిపోతాడు. వెజిటాకు కొన్ని వందల ఏళ్ల ముందే ఆ పని చేసినవాడు లంధౌర్. వినేవాళ్లు వాహ్వా అన్నారు. లంధౌర్ ప్రజలు ఏమనుకున్నారో ఎవరూ అడగలేదు.

మన గోదావరి వైపు కూడా ఓ చిన్న తిరుగుబాటు జరిగింది. రాజమహేంద్రవరం మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీమజిలీ కథలు' నుంచి కొంత, అల్ఫ్ లైలాలోని అల్లావుద్దీన్ నుంచి కొంత తీసుకుని అల్లిన సినిమా 1951 నాటి 'పాతాళభైరవి'. సాహసం చేసేవాడు రాజకుమారుడే అయ్యుండాలన్న రివాజ్‌ని అది పక్కన పెట్టింది. తోటమాలి కొడుకు తోటరాముడు హీరో అయ్యాడు. పుట్టుక మారింది గానీ ఫతహ్ మాత్రం ఫతహ్‌గానే ఉండిపోయింది. మాంత్రికుడు చచ్చాడు, రాకుమారి దక్కింది, కథ కంచికి.

ముందొచ్చిన బాగీలు

జపాన్‌లోనూ బాగీలు తొందరగానే వచ్చారు. 1968లో మొదలైన 'అషితా నో జో' బాక్సింగ్ కథ. అందులో జో ప్రత్యర్థి రికిఇషి చచ్చిపోతే, 1970 మార్చిలో పాఠకులు వందలమంది చేరి ఆ కాగితం మనిషికి నిజంగానే అంతిమ సంస్కారం జరిపించారు. 1972లో గో నగాయ్ 'డెవిల్‌మ్యాన్' రాశాడు. అందులో షైతాన్ల కంటే, షైతాన్ల భయంతో పిచ్చెక్కిన మనుషులే ఎక్కువ జుల్మ్ చేస్తారు. 1973లో సాక్షాత్తు షోనెన్ జంప్‌లోనే కేజీ నకజావా 'బేర్‌ఫుట్ గెన్' మొదలైంది. నకజావా ఆరేళ్ల వయసులో హిరోషిమాలో ఉన్నాడు. బాంబు పడ్డ రోజు ఆయన ఇంటివాళ్లు కొందరు పోయారు. కుర్రాళ్ల పత్రికలో, దోస్తీ, మెహనత్, ఫతహ్ అన్న జెండా కింద, బూడిదైన ఊరు అచ్చయింది.

వీళ్లందరికీ సలామ్. కానీ హీరో చచ్చిపోవడం, దునియా మునిగిపోవడం ఒక్కటే రివాజ్‌ని తిరగెయ్యడం కాదు. ఓటమి కూడా కథకు ఓ ముగింపే. అసలు కష్టం వేరే చోట ఉంది. హీరో గెలవాలి, గెలిచాక కూడా హిసాబ్ తెగకూడదు. ఆ పని చేసింది హిరోము అరకావా.

కీమియాగర్ అన్నదమ్ములు

అరకావా హొక్కైడోలో పాడి రైతుల ఇంట్లో పుట్టిన ఆడకూతురు. అసలు పేరు హిరోమి. మగవాళ్ల పేరులా వినిపించే 'హిరోము' అన్న కలం పేరు పెట్టుకుంది. 2001 నుంచి 2010 దాకా 'షోనెన్ గంగన్' మాసపత్రికలో నడిచిన ఈ కథ 27 సంపుటాలైంది. ఆల్కెమీ అన్న మాట అరబీ 'అల్-కీమియా' నుంచి వచ్చిందని మీకు తెలిసే ఉంటుంది.

ఎడ్వర్డ్, ఆల్ఫాన్స్ అన్నదమ్ములు. అమ్మీ చనిపోతే కీమియాతో తిరిగి బతికించాలనుకున్నారు. రాత్రింబవళ్లు చదివారు, ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నారు. ఆ మెహనత్‌కి దక్కిన ఫలితం? చిన్నోడి ఒళ్లంతా పోయి ఇనుప కవచంలో రూహ్ మాత్రం మిగిలింది. పెద్దోడికి ఓ కాలు పోయింది, తమ్ముడి రూహ్‌ని పట్టి నిలిపినందుకు ఓ చెయ్యి పోయింది. చూడండి, మామూలు షోనెన్‌లో మెహనత్ దవా. ఇక్కడ మొదటి గునాహ్ మెహనత్ నుంచే పుట్టింది. కష్టపడ్డావు కాబట్టి అడిగింది దక్కాలన్న హక్ ఎవరిచ్చారన్నది ఈ కథ అడిగే మొదటి మాట.

రెండో మాట ఇంకా పెద్దది. ఎడ్వర్డ్ పన్నెండేళ్లకే సర్కారీ కీమియాగర్ అవుతాడు. అమెస్ట్రిస్ అనే ఆ దేశంలో సర్కారీ కీమియాగర్ అంటే ఫౌజ్ మనిషే. ఆ ఫౌజ్ అంతకుముందు ఇష్వాల్ అనే ఎడారి ఇలాకాను తుడిచిపెట్టింది. ఇష్వాల్ వాళ్లది గోధుమరంగు ఒళ్లు, ఎర్రటి కళ్లు. ఒక్క దేవుణ్ణే కొలుస్తారు. కీమియా ఆ దేవుడి సృష్టిలో దఖల్ ఇవ్వడమే అంటారు. ఓ సైనికుడు అక్కడో పసిపిల్లను కాల్చి చంపడంతో మొదలైన గొడవ ఏడేళ్లు సాగింది. చివరికి సర్కారీ కీమియాగర్లను దించి ఖత్ల్-ఎ-ఆమ్ చేశారు. ఇష్వాల్ మతపెద్ద వచ్చి, నా ప్రాణం తీసుకుని మిగిలిన నా ఖౌమ్‌ని వదలండి అంటే, దేశాధినేత బ్రాడ్లీ ఒప్పుకోడు. ఒక ప్రాణం ఖరీదు ఒక ప్రాణమే, వేలమందికి బదులు ఎలా అవుతుందంటాడు.

ఆ ఖత్ల్-ఎ-ఆమ్ చేసినవాళ్లు ఎవరు? పాఠకుడు అప్పటికే ఇష్టపడిపోయిన రాయ్ మస్టాంగ్, రీజా హాకై. ఒకడు నిప్పుతో కాల్చాడు, ఒకామె తుపాకీతో గురిచూసి కొట్టింది. మంచివాళ్లు, నవ్వించేవాళ్లు, ఎడ్వర్డ్‌ని కాచుకునేవాళ్లు. షోనెన్‌లో దోస్తీ అన్న జెండా పట్టుకోవాల్సిన మనుషుల చేతులకే ఖూన్ ఉంది. ఈ ఇష్వాల్ వెనుక తన సొంత హొక్కైడో చరిత్ర ఉందని అరకావా చెప్పుకుంది. మెయిజీ సర్కార్ 1869లో హొక్కైడో అని పేరు పెట్టి కలుపుకున్న ఆ నేల ఐనూ ప్రజలది. ఈ కథ నడిచిన కాలంలోనే బయట అఫ్గానిస్తాన్‌లో, ఇరాక్‌లో జంగ్ నడిచింది.

"స్కార్ మనోడా?"

ఇప్పుడు మా వాడి సవాల్ దగ్గరికొద్దాం. ముఖమ్మీద గాటు, పేరు లేని మనిషి, సర్కారీ అధికారుల్ని వెతికి వెతికి చంపుతుంటాడు. స్కార్ వచ్చే పద్ధతి మన యాక్షన్ సినిమాల్లో గడ్డం, టోపీ పెట్టి బాంబు పట్టుకునే పాత్ర వచ్చే పద్ధతే. అలాంటి పాత్ర తెరమీదికి రాగానే థియేటర్లో తల వంచుకుని కూర్చోవడం మన పిల్లలకు అలవాటే. అందుకే వాడు అలా అడిగాడు. ఇష్వాల్ వాళ్లు ముసల్మాన్లు కారు, వాళ్లది కల్పిత దేశం. అయినా ఎక్కడో ఒకచోట విలన్‌కి ఓ ఊరుందని, ఓ అన్న ఉన్నాడని, చచ్చిపోయిన ఓ మొహల్లా ఉందని చెప్పే కథ పిల్లాడికి కనిపించింది. దాని ఖీమత్ నాకు తెలుసు.

కానీ అరకావా స్కార్‌ని మాఫ్ చేసి వదిలెయ్యదు. ఇష్వాల్‌లో గాయపడ్డ స్కార్‌కు వైద్యం చేసింది అమెస్ట్రిస్ డాక్టర్ దంపతులే. స్పృహ రాగానే పిచ్చి కోపంలో అతను ఆ ఇద్దర్నీ చంపేశాడు. వాళ్ల కూతురే విన్రీ, ఎడ్వర్డ్‌కి ఇనుప చెయ్యి చేసిచ్చే పిల్ల. మజ్లూమ్ చెయ్యి కూడా జాలిమ్ చెయ్యి కాగలదని చెప్పడానికి చాలా హిమ్మత్ కావాలి. అందుకని మా వాడితో ఇంతే అన్నాను: స్కార్ మనోడైనా డాక్టర్ల ఖూన్ ఖూనే. మస్టాంగ్ మంచోడైనా ఇష్వాల్ ఖూన్ ఖూనే.

తర్వాత మంచుకొండల్లో విన్రీ, స్కార్ ఎదురుపడతారు. అతని చేతికి గాయమై ఉంటుంది. ఆమె కట్టు కడుతుంది. మా అమ్మానాన్నా ఉంటే ఇదే చేసేవారంటుంది. అయితే నిన్ను మాఫ్ చేసినట్టు కాదని కూడా చెబుతుంది.

ఇక్కడ నాకు అసలు హంజా గుర్తొచ్చారు. దాస్తాన్ హీరో కాదు, ఉహుద్ యుద్ధంలో షహీద్ అయిన హజ్రత్ హంజా రజియల్లాహు అన్హు. క్రీ.శ. 625లో ఆయన్ని బల్లెంతో చంపింది వహ్షీ. ఆ వహ్షీ తర్వాత ఇస్లాం స్వీకరించాడు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బద్లా తీర్చుకోలేదు, వెళ్లగొట్టలేదు. అయితే నీ ముఖం నాకు కనపడకుండా ఉండగలవా అని అడిగారు. వహ్షీయే చెప్పిన ఈ రివాయత్ సహీహ్ బుఖారీలో ఉంది. శిక్ష వద్దన్నారు, కానీ చిన్నాన్న పోయిన దర్ద్ పోయిందని అనలేదు. దాస్తాన్‌లో లంధౌర్ ఓడగానే దోస్త్ అయిపోతాడు. తారీఖ్‌లో మాఫీ అంత తేలిక కాదు. విన్రీ కట్టిన కట్టు దాస్తాన్ కంటే తారీఖ్‌కే దగ్గరగా ఉంది.

చివర్లో ఎడ్వర్డ్ తమ్ముణ్ణి తిరిగి తెచ్చుకుంటాడు. ఎలా? షోనెన్ రివాజ్ ప్రకారమైతే ఆఖరి యుద్ధంలో హీరోకి కొత్త తాఖత్ రావాలి. ఇతను తన కీమియా మొత్తాన్ని బదులిచ్చేస్తాడు. ఇక మామూలు మనిషిగానే బతుకుతాడు. ఇమామ్ గజాలీ తన కితాబ్‌కి 'కీమియాయె సఆదత్' అని పేరు పెట్టింది ఎందుకో ఇక్కడ కాస్త అర్థమవుతుంది. మార్చాల్సింది లోహాన్ని కాదు, నఫ్స్‌ని.

నాకో షికాయత్ కూడా ఉంది. దేశం బాగుపడ్డాక యుద్ధ నేరాలకు తమ మీదా ముకద్దమా నడవాల్సిందేనని మస్టాంగ్, హాకై ముందే అనుకుని ఉంటారు. కథ ముగిసేసరికి మస్టాంగ్ ఇంకా వర్దీలోనే ఉంటాడు, ఇష్వాల్‌ని తిరిగి నిలబెట్టే పని మొదలవుతుంది. స్కార్ అందులో చేరతాడు. ఇష్వాల్ రక్తమున్న ఫౌజీ అధికారి మైల్స్ కూడా చేరతాడు. ముకద్దమా మాత్రం మనకు కనిపించదు. ఖాతిల్ మంచి మనసుతో ఊరు కట్టిస్తే ఇన్సాఫ్ అయినట్టేనా? అరకావా జవాబు చెప్పకుండా వదిలేసింది. అయినా ఆ మాట అడిగే వీలు పదహారేళ్ల పాఠకుడికి ఇచ్చి వెళ్లింది. కుర్రాళ్ల పత్రికలో అది చిన్న పని కాదు.

మీ ఇంట్లో పిల్లలు చూస్తుంటే ఓసారి పక్కన కూర్చోండి. తర్వాత వాళ్లకు అమీర్ హంజా దాస్తాన్ కూడా వినిపించండి. లంధౌర్ ఓడి సలామ్ చేసే చోట కాస్త ఆగి, అతని ఫౌజ్‌లో చచ్చిపోయిన వాళ్ల ఇళ్లలో ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందో పిల్లల్నే చెప్పమనండి.