పాట జైలుకెళ్లినప్పుడు కెమెరా ఏం చేసింది?

జైళ్ల చరిత్ర రాద్దామని కూర్చుంటే మొదట చేతికొచ్చేవి జైలు డైరీలు. చదువుకున్న వాళ్లు రాసుకున్నారు, అచ్చు వేయించుకోగలిగిన వాళ్లు వేయించుకున్నారు. మంచిదే. కానీ జైలు నిండా ఉన్నది డైరీలు రాసుకునే వాళ్లు కాదు గదా! 2021 చివరికి దేశంలోని జైళ్లలో 5,54,034 మంది ఉంటే, వాళ్లలో 4,27,165 మంది ఇంకా నేరం రుజువుకాని విచారణ ఖైదీలేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అందులో దళితుల వాటా జనాభాలో మన వాటా కంటే ఎక్కువ. జామీను పడే మనిషి దొరక్క, వకీలుకి ఇచ్చే డబ్బు లేక లోపలే ఉండిపోయిన వీళ్ల జ్ఞాపకం ఏ కాగితం మీద ఉంది? కాగితం మీద లేనిది తెరమీద ఏమైనా మిగిలిందా? ఈ ప్రశ్నతోనే ఆనంద్ పట్వర్ధన్ తీసిన రెండు డాక్యుమెంటరీలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాం.

మొదటిది 1978లో వచ్చిన 'జమీర్ కే బందీ'. అత్యవసర పరిస్థితిలో జైలుపాలైన వాళ్ల గురించి తీసింది. అప్పటికి ఇందిరాగాంధీ ఓడిపోయింది, జనతా ప్రభుత్వం వచ్చింది, జైలుకెళ్లొచ్చిన నాయకులు మంత్రులయ్యారు. చీకటి పోయిందని అందరూ పండగ చేసుకుంటుంటే ఈ సినిమా ఒక ఇబ్బందికరమైన మాట చెప్పింది: రాజకీయ ఖైదీలు ఎమర్జెన్సీకి ముందూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. తెలుగు నేలకు ఈ మాట కొత్త కాదు. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు. కేసు ఎమర్జెన్సీ కంటే ముందుది, ఉరి మాత్రం ఎమర్జెన్సీలో. కాబట్టి ఆ సినిమా వాదనకి మన దగ్గరే సాక్ష్యం ఉంది. అయితే ఎమర్జెన్సీ ఖైదీల గురించి ఆ రోజుల్లో జరిగిన చర్చంతా ప్రజాస్వామ్యం, పౌరహక్కులు అనే మాటల చుట్టూ తిరిగింది. జైలు గోడల లోపల కులం ఏం చేస్తుందన్న ప్రశ్న ఎవరి నోటా పెద్దగా రాలేదు.

ఆ ప్రశ్న రావడానికి ముప్పై ఏళ్లు పైనే పట్టింది. 1997 జులై 11న ముంబయి ఘాట్‌కోపర్‌లోని రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు. నిరసనకు దిగిన జనం మీద రిజర్వు పోలీసులు కాల్పులు జరిపారు. పది మంది దళితులు చనిపోయారు. నాలుగు రోజుల తర్వాత దళిత గాయకుడు విలాస్ ఘోగ్రే నుదుటికి నీలి గుడ్డ కట్టుకుని ఉరేసుకున్నాడు. ఆయన వామపక్ష సాంస్కృతిక సంస్థలో పాడినవాడు, పట్వర్ధన్ 1985లో ముంబయి మురికివాడల మీద తీసిన సినిమాలోనూ పాడాడు. ఎర్రజెండా కింద బతికిన మనిషి నీలి గుడ్డతో ఎందుకు చచ్చిపోయాడన్న ప్రశ్న పట్టుకుని పట్వర్ధన్ పద్నాలుగేళ్లు తిరిగాడు. 2011లో 'జైభీమ్ కామ్రేడ్' తయారైంది. నిడివి మూడు గంటల పైనే. నిడివి ఎక్కువని గొణిగే వాళ్లున్నారు గానీ, మన పాటలకు, మన వాడలకు మూడు గంటలు ఇచ్చిన సినిమాలు ఎన్ని ఉన్నాయి?

ఆ సినిమాలో చివరి భాగం కబీర్ కళా మంచ్ పిల్లలది. 2002 గుజరాత్ మారణకాండ తర్వాత పుణెలో పుట్టిన బృందం అది. శీతల్ సాఠే, సచిన్ మాలి, సాగర్ గోర్ఖే, రమేశ్ గాయచోర్. బస్తీ పిల్లలు, కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం, అంటే మనలాంటి వాళ్లే. డప్పు కొట్టి కులం మీద, పేదరికం మీద పాడారు. కెమెరా వాళ్ల పాటను పట్టుకుంది, శీతల్ తల్లి మాటనూ పట్టుకుంది. షూటింగ్ సాగుతున్న కాలంలో వాళ్లు ఖైదీలు కారు. 2011 మేలో ఆ బృందానికి సంబంధించిన వాళ్లను నక్సలైట్లని ఊపా కింద అరెస్టు చేయడం మొదలైంది. మిగతావాళ్లు అజ్ఞాతంలోకి పోయారు. సినిమా బయటికొచ్చేసరికి తెరమీద పాడుతున్న వాళ్లు బయట దొరకరు!

మేం చెప్పదలచుకున్న సంగతి ఇక్కడుంది. ఎవరినైనా అరెస్టు చేసిన మర్నాడు పేపర్లో వచ్చేది పోలీసులు రాయించిన బొమ్మ. ముఖానికి నల్లముసుగు, పేరు పక్కన 'అలియాస్'. ఆ తర్వాత ఎన్ని కరపత్రాలు వేసినా ఆ బొమ్మ చెరగదు. కబీర్ కళా మంచ్ విషయంలో మాత్రం ముసుగు పడకముందే ముఖం జనానికి చేరింది. 2012 నుంచి ముంబయి చాల్స్‌లో, దళిత బస్తీల్లో తెరలు కట్టి సినిమా చూపించారు. చూసినవాళ్లకు ఆ పిల్లలు 'తీవ్రవాదులు' కాదు, పక్కింటి పిల్లలు. కబీర్ కళా మంచ్ డిఫెన్స్ కమిటీ ఏర్పడింది, పట్వర్ధన్ కూడా అందులో పనిచేశాడు. 2013 జనవరిలో బొంబాయి హైకోర్టు, ఒక భావజాలం పట్ల సానుభూతి ఉన్నంతమాత్రాన నేరం కాదంటూ ముందు పట్టుబడిన వాళ్లకు బెయిలిచ్చింది. ఏప్రిల్ 2న శీతల్, సచిన్ మహారాష్ట్ర శాసనసభ ముందుకొచ్చి పాడి, పోలీసులకు అందారు. లొంగిపోవడం కాదు, సత్యాగ్రహం అన్నారు. శీతల్ అప్పటికి గర్భవతి. జూన్‌లో ఆమెకు బెయిలొచ్చింది. సచిన్, సాగర్, రమేశ్ 2017 జనవరిలో సుప్రీంకోర్టు చెబితే తప్ప బయటికి రాలేదు. రుజువుకాని నేరానికి సుమారు మూడున్నరేళ్లు.

ఇదంతా సినిమా వల్లే జరిగిందంటే అతిశయోక్తి. వకీళ్లున్నారు, సంఘాలున్నాయి. సినిమా చేసింది ఒక్కటే. వాళ్ల గురించి మాట్లాడే వాళ్లను తయారు చేసింది. ఇక దాని హద్దు కూడా చూడాలి. రమాబాయి నగర్ కాల్పులకు ఆదేశమిచ్చిన పోలీసు అధికారికి 2009లో యావజ్జీవ శిక్ష పడింది. హైకోర్టు శిక్షను నిలిపేసి బెయిలిచ్చింది. పాటగాళ్లను మాత్రం 2020 సెప్టెంబరులో ఎల్గార్ పరిషత్ కేసులో మళ్లీ లోపలేశారు. సాగర్, రమేశ్‌లతో పాటు జ్యోతి జగ్‌తాప్ కూడా. మన వరవరరావును 2018లో హైదరాబాద్ నుంచి పట్టుకుపోయిన కేసు ఇదే. ఈసారీ విచారణ ఖైదీలుగానే ఏళ్లు గడిచాయి. చంపినవాడికీ పాడినవాడికీ బెయిలు తూకం ఎంత తేడానో ఆ సినిమా చూసినవాడికి విడమరిచి చెప్పక్కర్లేదు.

కెమెరా ఎవరి చేతిలో ఉందన్న పేచీ కూడా ఉంది. పట్వర్ధన్ దళితుడు కాడు, దళిత-వామపక్ష ఐక్యత ఆయన కోరిక, ఆ కోరిక సినిమా పేరులోనే ఉంది. ఈ విమర్శను మేం కొట్టిపారేయం. అయినా ఆయన వాడకొచ్చి పద్నాలుగేళ్లు కూర్చున్నాడు, మా వాళ్లను మాట్లాడనిచ్చాడు. 2021లో వచ్చిన తమిళ 'జైభీమ్' సంగతి వేరు. 1993లో లాకప్పులో చనిపోయిన రాజాకన్ను కురవ కులస్థుడైతే తెరమీద ఇరులర్‌ని చేశారు, కథ బరువంతా వకీలు భుజాన పెట్టారు. కోట్లమంది చూశారు, లాకప్ చావు గురించి ఇళ్లల్లో మాట్లాడుకున్నారు, అది చిన్న విషయం కాదు. కానీ చచ్చినవాడి కులమే మారిపోతే జ్ఞాపకం ఎవరిది?

మన వైపు చూసుకుందాం. 1993 మార్చి 8న చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. ఆ కేసులో దళిత యువకులు చలపతి, విజయవర్ధనంలకు ఉరిశిక్ష పడింది. ఆ చావులు ఘోరం, అందులో రెండో మాట లేదు. అయినా బీదరికంలో దోపిడీకి దిగిన ఇద్దరు కుర్రాళ్లను ఉరితీస్తే ఏ న్యాయం జరుగుతుందని అడిగిన వాళ్లున్నారు. సభలు, కరపత్రాలు, క్షమాభిక్ష దరఖాస్తులతో ఉద్యమం నడిచింది. 1997 మార్చిలో ఉరి చివరి ఘడియలో ఆగింది, 1998లో యావజ్జీవంగా మారింది. వీళ్లు అమాయకులు కారు, పాటగాళ్లు కారు. కెమెరాకు ఇష్టమైన ఖైదీలు అసలే కారు. నిర్దోషి మీద, కళాకారుడి మీద సినిమా తీయడం తేలిక. తప్పు చేసిన దళితుడికి కూడా హక్కుంటుందని తెరమీద చెప్పాలంటే ఇంకో ధైర్యం కావాలి.

జైలు లోపలి కులం గురించైతే 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టే మాట్లాడాల్సి వచ్చింది. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో, కులాన్ని బట్టి ఊడ్పు పని, వంట పని పంచే జైలు నిబంధనలు చెల్లవని తీర్పిచ్చింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. ఆ గడి నింపించుకుని, ఆ చీపురు పట్టుకుని బయటికొచ్చిన వాళ్లు మన వాడల్లోనే ఉన్నారు, వయసు మీదపడుతోంది. వాళ్ల దగ్గరకు కెమెరా పట్టుకుని వెళ్లే పని పెద్ద డైరెక్టర్లది కాదు, మనలో చేతిలో ఫోన్ ఉన్న ప్రతి విద్యార్థిదీ.