ఆ ఒక్క మాట

తెలుగు పండితుడన్నవాడికి ఊళ్ళో రెండు ఉద్యోగాలుండేవి. ఒకటి బడిలో పాఠం, రెండవది అరుగుమీద అర్జీలు రాసిపెట్టడం. 1985లో దివిసీమలో కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒక తల్లి వచ్చి, మతి చలించిన కొడుకును విశాఖపట్నం ఆసుపత్రికి పంపడానికి అర్జీ రాయమని అడిగింది. కుర్రవాడు ఎవరి జోలికీ పోయేవాడు కాదు. కాలువగట్టున కూర్చుని నీటితో మాట్లాడుకునేవాడు.

అప్పటికి అమలులో ఉన్నది 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం. మెజిస్ట్రేటు 'రిసెప్షన్ ఆర్డరు' ఇస్తే తప్ప ఆసుపత్రి తలుపు తెరుచుకోదు. (పేరు మాత్రం పెళ్ళివిందులా ఉంది.) బంధువు అర్జీకి తోడు ఇద్దరు వైద్యుల ధ్రువపత్రాలు కావాలి.

ఆ చట్టంలోని 13వ సెక్షను వైయాకరణులు చదవదగినది. దిక్కులేక తిరిగే మతిహీనుణ్ణి పోలీసు అధికారి 'పట్టుకొనవచ్చును'. ప్రమాదకారి అని నమ్మితే 'పట్టుకొనవలెను'. మనకిది క్రియారూప భేదం. కచేరీలో మాత్రం బాధ్యత ఎవరి నెత్తిన పడుతుందో తేల్చే భేదం. 'వచ్చును' అన్నచోట ఎవరైనా తప్పుకోవచ్చు.

రెండుసార్లు తిరిగివచ్చిన అర్జీని చూసి ఒక కచేరీ గుమాస్తా జాలిపడి, "మాస్టారూ, ప్రమాదకారి అని ఒక్క మాట వేయండి, పోలీసువారి మీదుగా కదులుతుంది" అన్నాడు. వేశాను. కదిలింది. ఆయన దుర్మార్గుడు కాడు. 'వైద్యం కావాలి' అన్న మాటకు అక్కడ గడి లేదు, అంతే.

ఏడాదికి కుర్రవాడు నెమ్మదించి తిరిగివచ్చాడు. మందు పనిచేసింది. కాగితమూ పనిచేసింది. ఊళ్ళో ఏ గొడవ జరిగినా మొదట అతనింటికే కబురు వెళ్ళేది. పిల్లలను ఆ వీధికి పోనిచ్చేవారు కారు. ఆ తల్లి నన్నెన్నడూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

1987 చట్టం 1993 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చి 'లూనసీ' పదాన్ని తొలగించింది గాని, మెజిస్ట్రేటునూ, ఆ రెండు క్రియలనూ అట్టే ఉంచింది. 2001 ఆగస్టు 6న తమిళనాట ఏర్వాడిలో, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది రోగులు అగ్నికి ఆహుతయ్యారు. దర్గా మహిమమీద ఆశతో, ఇంకెక్కడికి పోవాలో తెలియక, అయినవాళ్ళే తెచ్చి దింపినవారు.

2018లో అమలులోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చదివినప్పుడు మాత్రం నా పండిత ప్రాణం లేచివచ్చింది. తిరుగాడే రోగిని రక్షణలోకి తీసుకోవడం ఇప్పుడు పోలీసుల విధి. 24 గంటల్లో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్పులో ఉంచరాదు. తప్పిపోయిన మనిషిగా కేసు కట్టి, కుటుంబాన్ని వెతకాలి. 'వచ్చును' పోయి 'వలెను' మిగిలింది.

అయితే 'తన స్టేషను పరిధిలో' అన్న మాట ఇందులోనూ ఉంది. నిరుడు బెజవాడలో ఒక కూడలివద్ద, గోనెపట్టా కప్పుకొన్న ఒక మనిషి ముందు నిలబడి ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆ కాలిబాట ఎవరి పరిధిలోనిదో చాలాసేపు వాదించుకున్నారు. వారు తేల్చుకునేలోగా పక్కనున్న టిఫిను బండి ఆవిడ రెండు ఇడ్లీలు ఆకులో పెట్టి అతని చేతికిచ్చింది.