కందకు పేరు పెట్టింది ఎవరు?

మేము చదివింది తమిళ మీడియం, ఇంట్లో మాట్లాడేది తెలుగు, బేతమంగళ సంతలో బేరమాడేది కన్నడం. తెలుగు రాతలో తప్పులుంటే దిద్దండి.

మన కందను తమిళంలో సేనై, మలయాళంలో చేన, కన్నడంలో సువర్ణగడ్డె అంటారు. మన చేమ తమిళంలో సేంబు, కన్నడంలో కెసు. పోయిన పండక్కి మా తమిళ వియ్యపురాలు సేనై తెమ్మంటే మావాడు చేమ తెచ్చాడు. తెలుగు చెవికి అట్లే వినిపిస్తుంది మరి!

ఈ తికమక తీరాలనే శాస్త్రవేత్తలు లాటిన్ పేర్లు పెట్టారు. అక్కడా తగాదానే. చేమను 1753లో లిన్నేయస్ రెండు వేర్వేరు మొక్కలుగా రాశాడు. 1832లో షాట్ పెట్టిన కొలొకేసియా ఎస్కులెంటా అనే పేరు నిలిచింది.

కంద కథ ఇంకా పెద్దది. కొచ్చిలో డచ్చి గవర్నరుగా ఉన్న వాన్ రీడ్ మలబారు మొక్కల మీద 12 సంపుటాలు వేయించాడు, 1678 నుంచి 1693 దాకా, ఆమ్‌స్టర్‌డామ్‌లో. ఆయనకు మొక్కల గుణాలు చెప్పినవాళ్ళలో ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు ఒకరు. ఆయన వాంగ్మూలం పుస్తకంలోనే అచ్చయింది. చేన బొమ్మ అందులో ఉంది. 1818లో జర్మనీలో డెన్‌స్టెడ్ ఆ పుస్తకం ముందు పెట్టుకుని పియోనిఫోలియం అని పేరు పెట్టాడు. పియోనీ ఆకులాంటి ఆకు అని అర్థం.

విలియం రాక్స్‌బర్గ్ అట్ల కాదు. ఈ స్కాట్లండు డాక్టరు 1781 నుంచి సామర్లకోటలో ఉండి, మొక్కల్ని కళ్ళారా చూసి, మన దేశపు చిత్రకారులతో బొమ్మలు గీయించి, తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. పుస్తకం పేరు ‘కోరమాండల్ తీరపు మొక్కలు’. బంగారపేట–మారికుప్పం లైన్లో మన కోరమాండల్ స్టేషన్ ఉంది కదా, అదే పేరు. కందకు ఆయన పెట్టింది కాంపాన్యులేటమ్, గంటలాంటిది అని. పువ్వు చూసినవాడు పెట్టే పేరు. కానీ ఆయన 1815లో పోయాడు. కంద బొమ్మ, వర్ణన ఉన్న మూడో సంపుటి పూర్తిగా బయటికొచ్చేసరికి 1820 అయింది.

చాన్నాళ్ళు పుస్తకాల్లో రాక్స్‌బర్గ్ పేరే నడిచింది. 1977లో నికల్సన్ సరిదిద్దాడు: ముందు సరిగ్గా అచ్చయిన పేరే చెల్లుతుంది కాబట్టి అమోర్ఫోఫాలస్ పియోనిఫోలియస్. (మొదటి మాటకు అర్థం ఆడవాళ్ళున్న గ్రూపులో రాయలేము.) గుమాస్తాలుగా బతికినవాళ్ళం, రసీదు మీది తేదీని కాదనలేము. అయినా మనసు రాక్స్‌బర్గ్ వైపే పోతుంది.

ఇంకొకటి కూడా ఉంది. అచ్యుతన్ పేరైనా మిగిలింది. సామర్లకోటలో ‘దొరా, ఇది ఫలానా’ అని చెప్పిన మనవాళ్ళెవరో ఆ పుస్తకం చెప్పదు. మన చెరువు గట్టు మీద కూడా గొంతు దురద పెట్టే అడవి చేమలున్నాయి. మా అమ్మకు వాటి పేర్లు వేరువేరుగా తెలుసు, మేము అడిగి రాసుకోలేదు. మీ ఇండ్లల్లో పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారం అడిగి, చెప్పినవాళ్ళ పేరుతో సహా ఇక్కడ రాయండి. తమిళుల పిడికరుణైకి మన కోలారు తెలుగులో ఏమంటారో అది కూడా.