పాపికొండల అడవి పార్కు అయిన కథ

1923 ఏప్రిల్ 17న అల్లూరి సీతారామరాజు అన్నవరం వచ్చాడు. పోలీసు స్టేషనులోకి నడిచాడు, ఆపైన కొండెక్కి సత్యదేవుణ్ణి దర్శించుకున్నాడు. అప్పుడు ఆయన చెప్పిన మాటలు నాలుగు రోజులకు ఆంధ్రపత్రికలో అచ్చయ్యాయి. ఏజెన్సీ అడవుల్లో రగిలిన పోరాటం మైదానం గడప దాకా వచ్చిన రోజది.

ఇప్పుడు అన్నవరంలో వ్రతం చేసుకుని, ఏలేశ్వరం, అడ్డతీగల, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి అడవి చూడబోయేవాళ్ళు ఎందరో. నూరేళ్ళ కిందట పోరు నడిచిన అడవి అతిథులకు తలుపు తీసేదాకా వచ్చిన తీరు తెలుసుకోవలసినదే.

1882 మద్రాసు అటవీ చట్టంతో ఇదంతా మొదలైంది. ఆ చట్టం కింద అడవులు రిజర్వు అయ్యాయి. కొండరెడ్లు, కోయలు తాతల నాటి నుంచీ చేసుకుంటున్న పోడు నేరమైంది. పశువులను మేపినా, కట్టెలు కొట్టినా జరిమానాలు పడ్డాయి. దానికి తోడు గూడెం రోడ్డు పనుల్లో చాలీచాలని కూలితో వెట్టి చేయించారు. 1922లో సీతారామరాజు వెంట మన్యం తిరగబడడానికి ఇవే కారణాలు. 1924 మేలో ఆయనను కాల్చి చంపారు. అటవీ చట్టం మాత్రం అలాగే నిలిచింది.

అడవిని జనం చూడడానికి కాపాడాలన్న ఆలోచన వేరే దారిలో వచ్చింది. 1872లో అమెరికా ఎల్లోస్టోన్‌ను జాతీయ పార్కుగా ప్రకటించి, అక్కడ వేటాడి బతికే ఆదివాసులను బయటికి పంపింది. మన దేశంలో తొలి జాతీయ పార్కు 1936లో హిమాలయాల పాదాల దగ్గర ఏర్పడింది. దాన్నే ఇప్పుడు జిమ్ కార్బెట్ పార్కు అంటున్నాం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కిందనే 1978లో గోదావరి ఒడ్డున ఉన్న పాపికొండలు అభయారణ్యమయ్యాయి.

పాపికొండలకు 2008 పెద్ద మలుపు. అడవిలో బతికేవారి భూమికీ, అటవీ ఫలసాయానికీ హక్కు ఇచ్చే 2006 నాటి చట్టానికి నియమాలు ఆ జనవరిలో అమలుకు వచ్చాయి. ఆ సంవత్సరమే గోదావరికి రెండు వైపులా 1,012 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి జాతీయ పార్కు అయింది. పులి, చిరుత, అడవిదున్న, కణుజు తిరిగే చోటు అది. వన్యప్రాణి చట్టం పార్కులో మేత కూడదంటుంది, హక్కుల చట్టం అడవి మీది బతుకును గుర్తిస్తుంది. ఈ రెండూ ఒకే కొండల మీద నడవాలి. కింద పోలవరం ప్రాజెక్టు ముంపు గోదావరి గట్టున ఉన్న ఊళ్ళను ఖాళీ చేయిస్తోంది.

ఈ చిక్కులోంచి ఒక దారి పాపికొండల దగ్గరి మారేడుమిల్లి చూపించింది. 1992 నుంచి రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. అడవిని కాచే ఊరికి దాని ఆదాయంలో వాటా ఇవ్వాలన్నది వాటి ఉద్దేశం. మారేడుమిల్లి పరిసరాల్లో ఆ సమితులే అటవీశాఖ తోడుతో పర్యాటకాన్ని చేపట్టాయి. అతిథులకు బస చూపడం, వంట చేసిపెట్టడం, అడవిలో దారి చూపడం స్థానిక గిరిజనులకు జీవనోపాధి అయింది. ఒకనాడు ఏ అడవిలో వాళ్ళను నేరస్థులుగా చూశారో, ఆ అడవికి ఇలా వాళ్ళే ఆతిథ్యమిచ్చేవారయ్యారు.

నా మట్టుకు పార్కు కథలో మెచ్చుకోవలసిన ఘట్టం ఇదే. సరిహద్దు రాళ్ళు పాతినంత మాత్రాన అడవి నిలవదు. దాన్ని ఎరిగినవాళ్ళకు అందులో బతుకు దొరికితేనే నిలుస్తుంది. అందుకే మారేడుమిల్లి వెళ్ళేవారికి ఒక మనవి. ఊరి సమితి నడిపే బసలోనే దిగండి, ఆ ఊరివాళ్ళనే దారి చూపమనండి, బొంగు చికెనయినా తేనెయినా వాళ్ళ దగ్గరే కొనండి. సీసాలు, కవర్లు మీ వెంటే తిరిగి తెచ్చుకోండి. అడవిని కాచే చేతులకు మీ డబ్బు చేరితే, ఆ అడవి మీ పిల్లలకూ మిగులుతుంది.