బందరు బృందావన స్త్రీ సమాజము

మన ప్రబంధములయందు చెలికత్తెలు లేని నాయిక అరుదు. వసుచరిత్రమున గిరికకు మంజువాణి కలదు. భాగవతమున ఉషాకన్యకు చిత్రలేఖ కలదు. అయినను ఆ చెలులకు కవులు పెట్టిన పనియెల్ల విరహతాపమునకు గంధము పూయుట, నాయకునికడకు రాయబారము నడపుట మాత్రమే. నాయకుడు చేజిక్కిన పిమ్మట చెలి యేమయ్యెనో చెప్పుటకు కవికి తీరిక లేదు.

శాకుంతలమునందు కాళిదాసు కొంత మేలు చేసెను. దుర్వాసుని శాపమును విన్నవారు అనసూయాప్రియంవద లిద్దరే. సుకుమారహృదయ యగు శకుంతల తాళజాలదని వారా మాటను తమలోనే దాచుకొనిరి. రాజు గుర్తింపనిచో ఉంగరము చూపుమని మాత్రము చెప్పి పంపిరి. వీరికిని పెండ్లి చేయవలసియున్నది, అచ్చటికి పోదగదని కణ్వుడు వారిని ఆశ్రమముననే నిలిపెను. నిండుసభలో రాజు కాదన్నప్పుడు, ఉంగరము వ్రేలలేక శకుంతల నిలిచినప్పుడు, శాపరహస్య మెరిగిన సాక్షి యొక్కతెయు ఆ సభలో లేదు. చెలులను విడదీసినందున కలిగిన నష్టమిది. వ్యాఖ్యాతలు ఈ విషయమును అంతగా పట్టించుకొన్నట్లు తోపదు.

కావ్యములను విడిచి చరిత్రకు వచ్చినచో, మన కృష్ణాతీరమున స్త్రీలు కూడి చేసిన పనికి రాతి నిదర్శనమే కలదు. నది కావలిగట్టున, నేటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండర్ రీ దొర త్రవ్వించెను. గుడివాడ, ఘంటసాల దిబ్బలను పరిశీలించినవాడు నాతడే. భట్టిప్రోలు పేటికలలో దొరకిన స్ఫటికఖండముపై సన్నని అక్షరములు చెక్కబడియున్నవి. క్రీస్తుకు పూర్వపు లిపి అది. నందపురమునుండి వచ్చిన స్త్రీజనము కూడ ఆ కానుకను ఇచ్చిన దాతలలో నున్నట్లు బ్యూలరు పండితుడు దానిని చదివెను. అందు ఫలానివాని భార్య, ఫలానివాని కూతురు అని లేదు. 'మాతుగామ' మను ఒకే మాట కలదు. స్త్రీజనమని దాని యర్థము. స్త్రీల యుమ్మడి దానము నిక్షిప్తమైన ఆ దిబ్బను తరువాతి జనము పిలిచిన పేరు, ఆడుదానిని తిట్టుటకు వాడు మాట. ఈ గ్రంథమున దానిని వ్రాయనక్కరలేదు, ఎరిగినవారెరుగుదురు.

దివిసీమ ముంగిట నున్న ఘంటసాలకు వెనుకటి పేరు కంటకసేల. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని కాలమున, బోధిసిరి యను ఉపాసిక నాగార్జునకొండపై చైత్యగృహము కట్టించి, కంటకసేల మహాచైత్యపు తూర్పు వాకిట శిలామండపమును నిలిపెను. ఆమె శాసనమున బంధువుల పేర్లు వరుసగా కలవు. అమరావతి శాసనములందు భిక్షుణులును వారి శిష్యురాండ్రును కలిసి యిచ్చిన దానములు సైతము కానవచ్చును.

ఆ కాలము గతించిన పిమ్మట స్త్రీలు కూడుటకు మిగిలినవి నోములు, పేరంటములు, అట్లతద్దెలు. వానిని తేలికగా చూడరాదు. తెల్లవారుజామున ఊయెలలూగిన బాలికల చెలిమి అత్తవారిండ్లకు పోయినను తెగెడిది కాదు. ఎవరి యింట పిల్లకు జబ్బు, ఎవరి యింట గింజలు నిండుకొన్నవి యన్న సంగతి మగవారి అరుగులకంటె ముందు పేరంటములోనే తెలిసెడిది. కాని ఆ వాకిట ఒక నిషేధము కలదు: భర్త పోయినదానికి పిలుపు లేదు. ఓదార్పు ఎక్కువగా కావలసిన వేళకే ఆమె చెలుల గుంపునుండి వెలివడెడిది.

ఇట్టి దేశమున 1902వ సంవత్సరమున బందరులో బృందావన స్త్రీ సమాజము వెలసినది. కృష్ణాపత్రిక పుట్టినదియు ఆ యేడే, ఆ యూరనే. పత్రిక చరిత్రము పలువురు వ్రాసిరి. సమాజము చరిత్రము అంతగా ఎవరికిని పట్టలేదు. దానిని స్థాపించినవారు ఇద్దరు స్త్రీలు: బందరు నివాసిని యగు ఓరుగంటి సుందరీరత్నమాంబగారు, భండారు అచ్చమాంబగారు.

అచ్చమాంబగారు 1874లో నేటి ఎన్.టి.ఆర్. జిల్లాలోని పెనుగంచిప్రోలున జన్మించిరి. ఆరవయేటనే తండ్రి పోయెను, బాల్యముననే వివాహమయ్యెను. ఇంజనీరగు భర్త మాధవరావుగారి యుద్యోగమునుబట్టి మధ్యపరగణాలలో కాపురము. బడికి పోయినది లేదు. మూడేండ్లు చిన్నవాడైన తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు ఆమె యింట నుండి చదువుకొనుచుండగా, అతని ప్రక్కనే కూర్చుండి తెలుగు, హిందీ నేర్చుకొనెను. మరాఠీ మొదలగు భాషలును క్రమముగా అలవడెను. ఆ తమ్ముడే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారిలో నొకడు. కొడుకును కూతురును పసితనమున పోగా, ఆమె దిక్కులేని పిల్లలను ఇంట నుంచుకొని చదివించెను.

స్త్రీలు అబలలు, అవివేకులు, విద్య నేర్చిన చెడిపోవుదురు అను మాటలకు ఆమె కోపముతో బదులు చెప్పలేదు, చరిత్రతో చెప్పెను. 1901 నాటి 'అబలాసచ్చరిత్ర రత్నమాల'లో పేరుగాంచిన స్త్రీల చరిత్రములను వెదకి కూర్చెను. ఆమె కథ 'ధనత్రయోదశి' 1902లో హిందూసుందరిలో అచ్చయినది. గురజాడ 'దిద్దుబాటు' వచ్చినది 1910లో. తొలి తెలుగు కథ యేదన్న వివాదము పండితులు తేల్చుకొందురు గాక.

గ్రంథము వ్రాసి ఆమె ఇంట కూర్చుండలేదు. ఆంధ్రదేశమున పర్యటించి, స్త్రీలను కలిసి, సమాజములు పెట్టుడని ప్రోత్సహించెను. పేరంటమునకును సమాజమునకును గల భేదము గమనింపదగినది. పేరంటము తిథినిబట్టి వచ్చును. సమాజము తలచుకొన్న దినమున కూడును. పేరంటమునకు పసుపుకుంకుమలు అర్హత. చదువుటకును వినుటకును అట్టి అర్హత అక్కరలేదు. ఒకతె చదువగా పదిమంది వినుట, విన్నదానిపై మాటాడుట, మాటాడినది వ్రాసి పత్రికకు పంపుట! సత్తిరాజు సీతారామయ్యగారు 1902లో ప్రారంభించిన హిందూసుందరి ఆ యుపన్యాసములను, సమాజముల వార్తలను ప్రకటించెడిది. ఒక యూరి స్త్రీలు మరియొక యూరి స్త్రీల పేర్లు అచ్చులో చూచుకొనిరి. ఎన్నడును మొగమెరుగని చెలిమి అట్లు కుదిరినది. తరువాత ఆ పత్రిక సంపాదకత్వమును మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ యను ఇరువురు స్త్రీలు జంటగా వహించిరి. అత్తగారి కనుసన్నలలో పత్రిక చదువుటయే సాహసమైన దినములలో ఇది చిన్న సంగతి కాదు.

అచ్చమాంబగారు 1905 జనవరి 18న బిలాసపూరులో మరణించిరి. ప్లేగు రోగులకు సేవ చేయుచు ఆ వ్యాధికే లోనైరి. ముప్పదియేండ్లు మాత్రమే. రత్నమాలలో తక్కిన భాగములు వెలువడలేదు.

ఆమె పోయిన దాదాపు తొంబదియేండ్లకు, నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా కేంద్రమునకు రాత్రివేళ చేరిన కూలి స్త్రీలు 'సీతమ్మ కథ' యను పాఠము చదివిరి. త్రాగుబోతు మగనితో ఒక ఇల్లాలు పడిన పాట్లు అందు కలవు. చదివినవారు ఇది మన యింటి కథయే యని మాటాడుకొనిరి. ఊరి సారాయంగడిని మూయించిరి. ఒక్కతె పోయి అడిగియుండినచో మగనిచేత తన్నులు తిని తిరిగివచ్చెడిది. గుంపుగా పోయినందున అంగడివాడు తలుపు వేసికొనెను. ఆ వార్త పల్లె పల్లెకు ప్రాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. రెండవది 1997లో సడలింపబడినది. ఖజానాకు రాబడి తగ్గెనను లెక్క ప్రభుత్వము చూపెను. ఆ రెండేండ్లలో ఇండ్లయందు మిగిలిన కూలిడబ్బు ఏ చిట్టాలోనికిని ఎక్కలేదు. నెల్లూరు స్త్రీలు మాత్రము దినమునకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టుట ఆరంభించి, పొదుపు సంఘములుగా నిలిచిరి.