ఈమెయిలు జవాబుల స్వీకరణ

ఈమెయిలు జవాబుల స్వీకరణ అనగా ఒక వెబ్ అప్లికేషను తన సభ్యులకు పంపిన మెయిలుకు వారు మెయిలు ద్వారానే జవాబు వ్రాసినపుడు, ఆ జవాబును అందుకొని, సరైన చోట, సరైన సభ్యుని పేరున నమోదు చేసుకొనే ఏర్పాటు. సంస్థలు తమ సొంత సర్వరులో నడుపుకొనే గిట్‌ల్యాబ్, రెడ్‌మైన్, రిక్వెస్ట్ ట్రాకర్ వంటి సాఫ్టువేరులలో ఈ సౌకర్యం కలదు. మెయిలు పంపేటప్పుడు అది ఎవరికి, ఏ విషయమై వెళుతున్నదో అప్లికేషనుకు తెలిసే ఉంటుంది. అందుకొనేటప్పుడు అలా కాదు. వచ్చిన జవాబు ఏ విషయానికి చెందినది, నిజంగా ఎవరు వ్రాసినది అనే రెండు సంగతులను అది తేల్చుకోవాలి. ఈ ఏర్పాటులోని చిక్కులలో ఎక్కువభాగం ఈ రెంటి నుండి పుట్టినవే.

జవాబును విషయంతో ముడివేయడం

అన్నిటికంటె సాధారణమైన పద్ధతి మెయిలు శీర్షికలో ఒక సంఖ్యను ఉంచడం. 1996లో మొదలైన రిక్వెస్ట్ ట్రాకర్, శీర్షిక మొదట చదరపు కుండలీకరణాల మధ్య సంస్థ గుర్తింపు పేరును, ఫిర్యాదు సంఖ్యను చేరుస్తుంది. జవాబులో ఆ సంఖ్య కనబడితే పాత ఫిర్యాదుకు జతచేస్తుంది, లేకపోతే కొత్త ఫిర్యాదు తెరుస్తుంది. శీర్షిక మనిషి కంటికి కనబడేది కాబట్టి మనిషి దానిని మార్చివేయగలడు. సంఖ్యను చెరిపి కొత్త శీర్షిక వ్రాసిన జవాబు దారి తప్పుతుంది.

రెండవ పద్ధతి కంటికి కనబడని హెడరులపై ఆధారపడుతుంది. ప్రతి మెయిలుకూ ఒక ప్రత్యేక గుర్తింపు ఉండడం, జవాబు వ్రాసినపుడు మూల మెయిలు గుర్తింపు జవాబు హెడరులలోకి చేరడం 1982 నాటి ఆర్‌ఎఫ్‌సి 822లోనే ఉన్నాయి. రెడ్‌మైన్ శీర్షికలోని సంఖ్యనూ, ఈ హెడరులనూ రెంటినీ చూస్తుంది. జవాబు వ్రాయకుండా, అదే చిరునామాకు కొత్త మెయిలు మొదలుపెట్టినవారి విషయంలో హెడరులు సాయపడవు.

మూడవది ప్రతి మెయిలుకూ వేరువేరు జవాబు చిరునామా ఇవ్వడం. గిట్‌ల్యాబ్ 2015లో వెలువడిన 8.0 సంచిక నుండి ఈ పద్ధతిని అనుసరిస్తున్నది. చిరునామాలో ముందు టపాపెట్టె పేరు, దాని ప్రక్కన కూడిక గుర్తు, ఆ తరువాత ఒక రహస్య సంకేతం, చివర డొమైను పేరు ఉంటాయి. ఏ సభ్యునికి ఏ విషయమై పంపిన మెయిలుకు ఏ సంకేతం ఇచ్చినదీ అప్లికేషను తన డేటాబేసులో వ్రాసుకొంటుంది. అందువలన శీర్షిక మారినా, హెడరులు పోయినా జవాబు గమ్యం చేరుతుంది. సంకేతం ఊహకు అందనిదిగా ఉండాలి. 16 బైట్ల యాదృచ్ఛిక సంఖ్యను షోడశాంశ పద్ధతిలో వ్రాస్తే 32 అక్షరాలు అవుతుంది. చిరునామాలో ఎట్ గుర్తుకు ముందున్న భాగం 64 బైట్లకు మించరాదన్న నియమం ఉన్నందున టపాపెట్టె పేరును పొట్టిగా ఉంచడం మేలు.

టపాపెట్టె ఏర్పాటు

కూడిక గుర్తు తరువాతి భాగాన్ని పక్కనపెట్టి, మెయిలును అసలు పెట్టెలోనే వేయడాన్ని ఉపచిరునామా పద్ధతి అంటారు. జీమెయిల్ దీనిని అంగీకరిస్తుంది. సొంతంగా పోస్ట్‌ఫిక్స్ నడిపేవారు అందులోని రెసిపియెంట్ డీలిమిటర్ అనే అమరికకు కూడిక గుర్తును విలువగా ఇస్తే సరిపోతుంది. ఈ వీలు లేనిచోట డొమైనుకు వచ్చిన మెయిలునంతా ఒకే పెట్టెలో వేయించవచ్చు. అప్పుడు లేని పేర్లకు వచ్చే చెత్త మెయిలు కూడా అందులోనే పడుతుంది. మూడవ దారి ఒకే స్థిర చిరునామా వాడి, గుర్తింపును హెడరులకు వదిలివేయడం. గిట్‌ల్యాబులో ఈ దారి ఎన్నుకొంటే జవాబులు అందుతాయి కాని, మెయిలు ద్వారా కొత్త అంశాలను తెరవడం కుదరదు. ఏ దారి అయినా, ఒక వ్యక్తి సొంత ఉత్తరాలకు వాడుకొనే పెట్టెను ఈ పనికి ఇవ్వరాదు. అందులోకి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ అప్లికేషను తనదిగానే భావించి తెరుస్తుంది.

పెట్టెలో పడిన మెయిలును అప్లికేషను సాధారణంగా ఐమ్యాప్ ద్వారా, 993వ పోర్టులో, చదువుతుంది. రెడ్‌మైన్‌లో ఇందుకు కొద్ది నిమిషాలకొకసారి నడిచే ఆదేశాన్ని క్రాన్‌లో వ్రాసుకొంటారు, లేదా మెయిలు సర్వరే ఉత్తరాన్ని నేరుగా అందించేలా చేస్తారు. గిట్‌ల్యాబులో మెయిల్‌రూమ్ అనే ఉపకరణం పెట్టెను కనిపెట్టుకొని ఉంటుంది.

పెట్టెను బయటి సంస్థ వద్ద ఉంచుకొన్నవారికి మరొక చిక్కు ఉన్నది. గూగుల్ 2022 మే 30 నుండి వ్యక్తిగత ఖాతాలలో మామూలు సంకేతపదంతో ఇతర ప్రోగ్రాములు ప్రవేశించడాన్ని ఆపివేసింది. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొని, ప్రోగ్రాము కోసం విడిగా ఒక సంకేతపదం తీసుకోవాలి. మైక్రోసాఫ్ట్ కూడా ఎక్స్ఛేంజ్ ఆన్‌లైనులో ఇటువంటి ప్రవేశాన్ని 2022 అక్టోబరు నుండి తొలగించసాగింది. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని అమరిక ఒకనాడు పనిచేయడం మానివేయడానికి ఇటువంటి మార్పులు కారణమవుతుంటాయి.

జవాబు వ్రాసినది ఎవరు?

మెయిలు కవరు వంటిది. పంపినవారి చిరునామా ఉన్నచోట ఎవరి పేరైనా వ్రాయవచ్చు, ఎస్ఎమ్‌టిపి స్వతహాగా దానిని సరిచూడదు. రెడ్‌మైన్ పంపినవారి చిరునామాను బట్టే సభ్యుని గుర్తిస్తుంది. తెలియని చిరునామా నుండి వచ్చిన మెయిలును మామూలుగా వదిలివేస్తుంది. కాని తెలిసిన సభ్యుని చిరునామాను దొంగిలించి వ్రాసిన మెయిలును దానంతట అది పసిగట్టలేదు. అందుచేత ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పరీక్షలను మెయిలు సర్వరు వద్దనే పెట్టి, నెగ్గని మెయిలును పెట్టెలోకి రానివ్వకూడదు.

రహస్య సంకేతపు పద్ధతిలో ఈ బెడద తక్కువ, కాని మరొకటి ఉన్నది. సంకేతం ఎవరి చేతికి చిక్కితే వారు ఆ సభ్యుని పేరున వ్రాయగలిగే వీలుంటుంది. సభ్యుడు జవాబు వ్రాస్తూ స్నేహితుని చిరునామా కూడా చేర్చాడనుకొందాం. స్నేహితునికి ఆ జవాబు చిరునామా కనబడుతుంది. అతడు "అందరికీ జవాబు" నొక్కితే, అతని మాటలు సభ్యుని మాటలుగా నమోదు కావచ్చు. ఇందులో మోసం ఏమీ లేదు, అజాగ్రత్త చాలు. దీనిని అడ్డుకొనడానికి సంకేతంతో పాటు పంపినవారి చిరునామాను కూడా సరిపోల్చే అప్లికేషనులు ఉన్నాయి.

డొమైను ఎంపికలో ఇంతకంటె పెద్ద ప్రమాదం ఉన్నది. 2017 సెప్టెంబరులో బెల్జియంకు చెందిన ఒక భద్రతా పరిశోధకుడు దీనిని "టికెట్ ట్రిక్" అనే పేరుతో బయటపెట్టాడు. సంస్థ సొంత డొమైనులోనే జవాబుల పెట్టె ఉన్నదనుకొందాం. బయటివాడొకడు ఆ చిరునామాతో స్లాక్ వంటి వేరే సేవలో నమోదవుతాడు. అది పంపే ధ్రువీకరణ మెయిలు పెట్టెలో పడి, అతడు చదవగలిగే ఫిర్యాదుగా మారుతుంది. అందులోని లంకెను నొక్కితే, ఆ సేవ దృష్టిలో అతడు సంస్థ ఉద్యోగి. ఆ డొమైను చిరునామా ఉన్నవారందరికీ తెరిచి ఉంచిన లోపలి సంభాషణలన్నీ అతనికి అందుబాటులోకి వస్తాయి. కనుక జవాబుల స్వీకరణకు విడిగా ఒక ఉపడొమైనును కేటాయించాలి. గిట్‌ల్యాబ్ సూచనా పత్రాలు కూడా ఇదే చెబుతాయి.

యంత్రాల జవాబులు

సెలవులో ఉన్న సభ్యుని పెట్టె "నేను ఊరిలో లేను" అని తనంతట తాను జవాబు పంపుతుంది. అప్లికేషను దానిని నమోదు చేసి అందరికీ తెలియజేస్తే, ఆ మెయిలుకు మరల అదే జవాబు వస్తుంది. సెలవులో ఇద్దరుంటే పరిస్థితి చెప్పనక్కరలేదు. 2004 నాటి ఆర్‌ఎఫ్‌సి 3834 ప్రకారం ఇటువంటి జవాబులలో ఆటో సబ్‌మిటెడ్ అనే హెడరు ఉండాలి. అది కనబడిన మెయిలును గిట్‌ల్యాబ్ తిరస్కరిస్తుంది.

పాత పాఠాన్ని తొలగించడం, తెలుగు జవాబులు

జవాబు క్రింద పాత మెయిలు పాఠం కూడా వస్తుంది కాబట్టి దానిని కత్తిరించాలి. "పెద్దది" గుర్తుతో మొదలయ్యే పంక్తులను గుర్తించడం తేలిక. వాటి పైన ఉండే "ఫలానా తేదీన ఫలానా వారు వ్రాశారు" అనే పంక్తితోనే ఇబ్బంది. గిట్‌హబ్ వెలువరించిన ఈమెయిల్ రిప్లై పార్సర్ ఆ పంక్తిని ఆంగ్ల వాక్యపు పోలికతో వెదకుతుంది. సభ్యుని మెయిలు తెలుగు ఇంటర్‌ఫేసులో ఉండి ఆ పంక్తి తెలుగులో వస్తే అది జవాబులో భాగంగానే మిగిలిపోతుంది. "ఈ గీతకు పైన మీ జవాబు వ్రాయండి" అనే స్థిరమైన గీతను పంపే మెయిలులోనే ఉంచితే భాషతో పని ఉండదు.

తెలుగు అక్షరాలకు యూటీఎఫ్-8లో ఒక్కొక్క సంకేతానికి మూడేసి బైట్లు పడతాయి. కోటెడ్ ప్రింటబుల్ పద్ధతిలో అవి తొమ్మిది అక్షరాలవుతాయి. పరిమాణపు హద్దు పెట్టేటప్పుడు దీనిని లెక్కలోకి తీసుకోవాలి.

లోపాలు వెదకడం

జవాబు నమోదు కానపుడు అప్లికేషను కంటె ముందు పెట్టెను చూడాలి. బయటి ఖాతా నుండి పంపిన మెయిలు పెట్టెలోకే రాకపోతే లోపం డొమైను ఎమ్ఎక్స్ రికార్డులోనో, మూసి ఉన్న 25వ పోర్టులోనో ఉండవచ్చు. పెట్టెలో చదవకుండా పడి ఉంటే ఐమ్యాప్ ప్రవేశంలో లోపమున్నట్లు. గిట్‌ల్యాబులో దీనిని సరిచూడడానికి ప్రత్యేక రేక్ ఆదేశం కలదు. మెయిలు చదవబడి కూడా జవాబు కనబడకపోతే చిరునామాలో సంకేతం మిగిలి ఉన్నదా అని చూడాలి. దారిలో మరొక చిరునామాకు మళ్ళించబడిన మెయిలులో అసలు చిరునామా డెలివర్డ్ టూ హెడరులో మాత్రమే మిగిలి ఉండవచ్చు.