పుస్తకవాహకుల దేశము – లిథువేనియా

బాల్టిక్ సముద్రపు తూర్పు తీరమున ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా యను మూడు చిన్న దేశములు ఉత్తరము నుండి దక్షిణమునకు వరుసగా నున్నవి. ఈ మూడును 1940లో సోవియట్ రాజ్యమున గలుపబడి, నడుమ మూడేండ్లు జర్మనీ పాలబడి, మరల సోవియట్ ఏలుబడిలోనికి వచ్చి, తుదకు 1991లో స్వతంత్రములుగా గుర్తింపబడినవి. వానిలో దక్షిణమున నున్నది లిథువేనియా. దాని విస్తీర్ణము సుమారు 65,300 చదరపు కిలోమీటర్లు. అనగా తెలంగాణ రాష్ట్రములో సగమునకు కొంచెము మించును. జనసంఖ్య సుమారు 29 లక్షలు. ఒక్క హైదరాబాదు నగరములోనే ఇంతకు రెట్టింపునకు మించిన జనము కలదు.

ఈ చిన్న దేశమున ఒకప్పుడు నలువది సంవత్సరముల కాలము ప్రజలు తమ భాషా గ్రంథములను తమ లిపిలో అచ్చువేయుటయు, అట్టి పుస్తకము నింట నుంచుకొనుటయు నేరముగా నుండెను. ఆ నలువది యేండ్లును పుస్తకములను వీపున మోసి, సరిహద్దు దాటించి, ఊరూరికి జేర్చిన సామాన్య రైతులు ఆ దేశపు చరిత్రలో రాజులతో సమానముగ స్మరింపబడుచున్నారు. గ్రంథాలయమును ప్రేమించువారు తెలిసికొనదగిన చరిత్ర యిది.

లిథువేనియాకు పర్వతములు లేవు. దేశమున నెల్ల నెత్తైన గుట్ట సముద్రమట్టమునకు 300 మీటర్లైనను లేదు. ఉత్తరమున లాట్వియా, తూర్పు దక్షిణములందు బెలరూస్, దక్షిణమున పోలండ్, నైరుతిమూల రష్యాకు చెందిన కాలినిన్‌గ్రాడ్ ప్రాంతము దీనికి సరిహద్దులు. పడమట బాల్టిక్ సముద్రము. ఆ తీరమున క్లాయిపెడ రేవుపట్టణము కలదు. నెమునస్ దేశములోని నదులలో పెద్దది. సుమారు మూడవవంతు నేల యడవులు. చెఱువులు, సరస్సులు వేలకొలదిగ నున్నవి. శీతకాలమున నేల మంచుతో గప్పబడును. రై యను ధాన్యము, గోధుమ, బంగాళాదుంప, పాడి అచ్చటి రైతుల జీవనాధారములు. పూర్వము అవిసెనార పంట కూడ విశేషముగ నుండెడిది. పురాతన వృక్షముల జిగురు గట్టిపడి యేర్పడిన అంబర్ యను పసుపువన్నె మణి ఆ తీరమున దొరకును. పర్వతముల రక్షణ లేని యీ సమతల భూమి మీదుగ అన్ని దిక్కుల సైన్యములును నడచినవి.

ఆ ప్రజల భాష మిక్కిలి ప్రాచీన లక్షణములు గలది. బాల్టిక్ భాషలనబడు వర్గమున నేడు జీవించియున్నవి లిథువేనియా, లాట్వియా భాషలు రెండే. లిథువేనియా భాషలో నిప్పు ‘ఉగ్నిస్’, దేవుడు ‘దియెవస్’, తేనె ‘మెదుస్’, కుమారుడు ‘సూనుస్’, రాత్రి ‘నక్తిస్’. సంస్కృతములోని అగ్ని, దేవ, మధు, సూను, నక్త శబ్దములతో వీనికి గల చుట్టఱికము వినినంతనే తెలియును. తెలుగు వేఱొక భాషాకుటుంబమునకు చెందినదైనను, సంస్కృతము నుండి ఆ మాటలను గ్రహించినందున, అంత దూరపు దేశపు పలుకులు తెలుగువారి చెవికి పూర్తిగ క్రొత్తవి గావు.

మధ్యయుగమున లిథువేనియా గొప్ప రాజ్యము. మిందౌగస్ 1253లో రాజుగ కిరీటము ధరించెను. గెదిమినస్ ప్రభువు 1323లో విల్నియస్ నుండి లేఖలు వ్రాసి, వర్తకులను, చేతిపనివారిని తన దేశమునకు రమ్మని యాహ్వానించెను. ఆ నగరమే నేటికిని రాజధాని. యూరపు ఖండమున క్రైస్తవమును చిట్టచివర స్వీకరించిన రాజ్యమిదియే. ఆ మార్పు 1387లో జరిగినది. వితౌతస్ ప్రభువు కాలమున రాజ్యము నల్లసముద్రము దరి వఱకు వ్యాపించెను.

అయితే అంతటి వైభవకాలమునను ప్రజలు మాటలాడు భాషకు ఆస్థానమున చోటు లేకుండెను. రాచవ్రాతలు స్లావు భాషలోను, లాటిన్‌లోను సాగినవి. 1569లో పోలండుతో గలిసి యొక్క రాజ్యమైన పిమ్మట ప్రభువులు, జమీందారులు క్రమముగ పోలిష్ భాషను తమదిగ జేసికొనిరి. లిథువేనియా భాషలో తొలి యచ్చుపుస్తకము 1547లో మార్తినస్ మజ్విదస్ అను నతడు వెలువరించిన మతబోధ గ్రంథము. అదియైనను పొరుగుననున్న ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ నగరమున అచ్చైనది. భాషను విడువక నిలుపుకొన్నవారు పల్లెలలోని రైతులు.

1795లో పోలండు–లిథువేనియా రాజ్యమును ఇరుగుపొరుగు సామ్రాజ్యములు పంచుకొనగా, లిథువేనియాలో అధికభాగము రష్యా చక్రవర్తి పాలయ్యెను. 1830–31లోను, 1863లోను ప్రజలు తిరుగుబాటు చేసిరి. మొదటిదాని తరువాత 1579 నుండి నడచుచున్న విల్నియస్ విశ్వవిద్యాలయము మూసివేయబడెను. రెండవదాని తరువాత, 1864లో, మురవ్యోవ్ అను గవర్నర్ జనరల్ లాటిన్ లిపిలో లిథువేనియా గ్రంథముల ముద్రణను నిషేధించెను. ఆ భాషను రష్యా లిపిలోనే అచ్చువేయవలెనని శాసనము. లిపి మారినచో బడి మారును, బడి మారినచో పిల్లలు రష్యనులగుదురని పాలకుల యాలోచన. ప్రభుత్వము రష్యా లిపిలో పుస్తకములు అచ్చొత్తించెను గాని రైతులు వానిని ముట్టరైరి.

అప్పుడు వలాంచియస్ అను బిషపు పొరుగు ప్రష్యాలో రహస్యముగ పుస్తకములు అచ్చు వేయించుటకు పూనుకొనెను. నెమునస్ నదీతీరమున నున్న తిల్సిత్ మున్నగు పట్టణములలో ప్రార్థన పుస్తకములు, వాచకములు, పంచాంగములు, వార్తాపత్రికలు అచ్చయ్యెడివి. వానిని సరిహద్దు దాటించి తెచ్చువారికి ‘క్నిగ్నెషిస్’ అని పేరు. పుస్తకమును మోయువాడని దాని యర్థము. వారిలో పెక్కురు కూలీనాలీ చేయువారు, చిన్న రైతులు, ముసలివారు, స్త్రీలు. చీకటి రాత్రులందు, మంచు కురియు వేళలందు, గోనెసంచులు వీపున గట్టుకొని అడవిదారులబట్టి నడచెడివారు. గడ్డిబండ్లలోను, రొట్టెల నడుమను, దుస్తుల మాటునను పుస్తకములు సాగిపోయెడివి. పట్టుబడినవారికి జరిమానా, చెఱసాల, సైబీరియా ప్రవాసము. సరిహద్దు కావలివారి తుపాకిగుండ్లకు బలియైనవారును కలరు. యుర్గిస్ బియెలినిస్ అను రైతుబిడ్డ ముప్పది సంవత్సరములకు పైగ ఈ పని చేసెను; పలుమారులు పట్టుబడియు తప్పించుకొనెను. ప్రజలు వానిని పుస్తకవాహకుల రాజని పిలిచిరి. వాని జన్మదినమైన మార్చి 16 నేడు ఆ దేశమున పుస్తకవాహకుల దినోత్సవము.

పుస్తకము ఊరు చేరినంతమాత్రమున చాలదు, చదువువారుండవలెను. ప్రభుత్వపు బడులలో రష్యా భాషయే బోధింపబడుచుండగా, పల్లెలలో రహస్యపు బడులు నడచెడివి. ఇంట తల్లి రాట్నము వడకుచునే ప్రక్కన గూర్చున్న బిడ్డకు అక్షరములు దిద్దించెడిది. పెత్రస్ రిమ్షా అను శిల్పి 1906లో ఆ దృశ్యమును శిల్పముగ మలచి ‘కష్టాల బడి’ యను నర్థము వచ్చు పేరు పెట్టెను.

1883లో బసనావిచియస్ అను వైద్యుడు ప్రష్యా నుండి ‘ఔష్రా’ యను పత్రికను వెలువరించెను; ఔష్రా యనగా ఉషస్సు. 1889లో కుదిర్కా యను మఱియొక వైద్యుడు ‘వర్పస్’ – గంట – యను పత్రికను ప్రారంభించెను. ఇవియు పుస్తకవాహకుల వీపుపైననే పల్లెలకు జేరినవి. తుదకు 1904లో, రష్యా జపానుతో యుద్ధమున చిక్కుకొనియున్న సమయమున, చక్రవర్తి ప్రభుత్వము నిషేధమును రద్దు చేసెను. పదునాలుగేండ్లకు, 1918 ఫిబ్రవరి 16న, లిథువేనియా స్వతంత్రమైనదని యిరువదిమంది పెద్దలు ప్రకటనపై సంతకములు చేసిరి. వారిలో ఔష్రా సంపాదకుడైన బసనావిచియస్ ఒకడు.

స్వాతంత్ర్యము రెండు దశాబ్దములే నిలిచెను. 1939లో హిట్లరు, స్టాలిను ప్రభుత్వములు రహస్యపు టొడంబడికతో తూర్పు యూరపును పంచుకొనిరి. 1940లో సోవియట్ సైన్యము ప్రవేశించెను. 1941 జూన్‌లో వేలకొలది కుటుంబములు సైబీరియాకు తరలింపబడినవి. అదే నెలలో జర్మనీ సైన్యము వచ్చెను. లిథువేనియాలో తరతరములుగ నివసించుచుండిన సుమారు రెండు లక్షల యూదులలో నూటికి తొంబదిమంది హతులైరి. ఆ ఘోరమున స్థానికులలో కొందఱు పాలుపంచుకొనిరన్నది ఆ దేశచరిత్రలోని చేదునిజము.

ఆ చీకటిలోను పుస్తకము విడువబడలేదు. విల్నియస్‌లో యూదులను బంధించియుంచిన పేటలో హెర్మన్ క్రూక్ అను నతడు గ్రంథాలయమును నడపెను. ఆకలి, రోగము, మృత్యుభయము చుట్టుముట్టియుండగా, 1942 డిసెంబరులో అచ్చట లక్షవ పుస్తకమును పాఠకునకిచ్చిన సందర్భమున సభ జరుపుకొనిరి. యూదుల గ్రంథములను ఏఱి జర్మనీకి పంపుటకు, మిగిలినవానిని నాశనము చేయుటకు నియమింపబడిన బందీలలో సుట్స్‌కెవర్ మున్నగు కవులుండిరి. వారు అమూల్యమైన పుస్తకములను దుస్తుల మాటున దాచి పేటలోనికి జేరవేసిరి. క్రూక్ 1944లో ఎస్టోనియాలోని నిర్బంధ శిబిరమున చంపబడెను. యుద్ధానంతరము సోవియట్ ప్రభుత్వము యూదుల ప్రదర్శనశాలను మూసివేయగా, అంతానస్ ఉల్పిస్ అను లిథువేనియా గ్రంథపాలకుడు ఆ గ్రంథములను ఒక పాత చర్చి భవనమున నున్న తన కార్యాలయములో దాచి కాపాడెను. ఒక జాతివారి పుస్తకములను మఱియొక జాతివాడు రక్షించిన ఆ కార్యము లిథువేనియాకు వన్నె తెచ్చినది.

సోవియట్ కాలమున పరిశ్రమలు, పట్టణములు పెరిగినవి. లిథువేనియా భాషలో బడులును నడచినవి. కాని లక్షకు మించిన ప్రజలు ప్రవాసమునకు పంపబడిరి. పాత గ్రంథములెన్నియో గ్రంథాలయముల నుండి తొలగింపబడినవి. 1972 నుండి కాథలిక్ మతస్థులు తమపై జరుగు నిర్బంధములను దెలుపు రహస్యపత్రికను టైపుయంత్రముపై ప్రతులు తీసి చేతులు మార్చిరి. పుస్తకవాహకుల మార్గమే మరల తెఱువబడినది.

1988లో ‘సాయూదిస్’ అను ప్రజోద్యమము పుట్టెను. 1989 ఆగస్టు 23న, రహస్యపు టొడంబడికకు ఏబదియేండ్లు నిండిన నాడు, మూడు బాల్టిక్ దేశముల ప్రజలు విల్నియస్ నుండి ఎస్టోనియా రాజధాని తాలిన్ వఱకు ఆరువందల కిలోమీటర్లకు పైగ చేయిచేయి కలిపి నిలిచిరి. 1990 మార్చి 11న లిథువేనియా శాసనసభ స్వాతంత్ర్యమును పునఃప్రకటించెను. 1991 జనవరి 13న సోవియట్ సైన్యము విల్నియస్ టెలివిజన్ గోపురమును పట్టుకొనగా, ఆయుధములు లేక అడ్డునిలిచినవారిలో 14 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో సోవియట్ రాజ్యమే దాని స్వాతంత్ర్యమును గుర్తించెను. ఆ నెలలోనే దేశము ఐక్యరాజ్యసమితిలో చేరెను.

1992లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఆమోదింపబడిన రాజ్యాంగము నేడు అమలులో నున్నది. ‘సెయిమస్’ అను శాసనసభకు 141 మంది సభ్యులు, గడువు నాలుగేండ్లు. వారిలో 71 మంది నియోజకవర్గముల నుండియు, 70 మంది పార్టీలకు వచ్చిన ఓట్ల నిష్పత్తి ననుసరించియు ఎన్నికగుదురు. అధ్యక్షుని ప్రజలే ఐదేండ్లకు ఎన్నుకొందురు. ప్రధానమంత్రిని సెయిమస్ సమ్మతితో అధ్యక్షుడు నియమించును. దేశము 2004లో యూరోపియన్ యూనియన్‌లోను, నాటో కూటమిలోను చేరి, 2015 నుండి యూరో నాణెమును వాడుచున్నది. 2021 జనాభా లెక్కల ప్రకారము నూటికి సుమారు 85 మంది లిథువేనియనులు. పోలిష్ వారు ఆరుగురికి పైగ, రష్యనులు ఐదుగురు. కాథలిక్ మతస్థులే అధికులు. స్వాతంత్ర్యము వచ్చిననాడు 37 లక్షలుండిన జనసంఖ్య, యువకులు బ్రతుకుదెరువునకై ఇతర దేశములకు వలసపోయినందునను, జననములు తగ్గినందునను, ఎనిమిది లక్షలు తగ్గినది. నిషేధముల కాలమున భాషను నిలిపిన పల్లెలు నేడు జనము లేక పలుచబడుచుండుట ఆ దేశము నెదుర్కొనుచున్న క్రొత్త పరీక్ష.

విల్నియస్‌లోని జాతీయ గ్రంథాలయము తొలి గ్రంథకర్త మజ్విదస్ పేర వెలసియున్నది. కౌనస్ నగరములోని యుద్ధ ప్రదర్శనశాల ఆవరణమున, వీరుల స్మారకముల సరసనే, బరువైన మూటను మోయుచు కాపలావానికై పొంచిచూచుచున్న పుస్తకవాహకుని విగ్రహము కలదు. ఆ దేశమున ముద్రణ నిషేధము తొలగిన పదేండ్లకు, 1914లో, ఆంధ్రదేశ గ్రంథాలయ సేవకులు బెజవాడలో తొలి మహాసభ జరిపిరి. ఇచ్చటి వారికి పుస్తకము నేరము కాలేదు. దానిని కొనుటకు ధనమును, ఊరూర నుంచుటకు చోటును, చదువుటకు అక్షరములు నేర్చినవారును కావలసివచ్చెను. ఇరువదియైదేండ్లుగ ఒక గ్రామమున గ్రంథాలయపు తలుపు ప్రతిదినము తెఱువబడుటలోని విలువ యెంతయో, ఆ తలుపు నలువదియేండ్లు మూయబడిన దేశపు ప్రజలకు చక్కగ తెలియును.